ఏజెన్సీ కొండ మీద టెంట్లు వేసే ముందు ఆ చోటు సేఫో కాదో ఎలా తేల్చుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివా. అనంతగిరి దాటాక మీ నాన్నగారి పేరు మీదున్న ఎకరం మెట్టలో పన్నెండు టెంట్లు, నాలుగు కాటేజీలు వేద్దామనుకుంటున్నారు, పక్కన గెడ్డ (కొండవాగు) ఉంది, వెనకాల కాఫీ తోటల కొండ ఉంది, జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) కొండచరియల మ్యాప్‌లో మాది తక్కువ ప్రమాదం రంగులోనే ఉంది కదా ఇంకేం చూడాలి అని అడిగావు, చివర్లో వచ్చే ఏడు అమ్మానాన్నల్ని బద్రీనాథ్ తీసుకెళ్ళే సంగతి కూడా కలిపావు. రోడ్లకీ ప్రాజెక్టులకీ కొండవాలు చూసి చెప్పడమే నా ఉద్యోగం, తూర్పు కనుమల్లోనూ చేశా, ఉత్తరాఖండ్ వైపూ చేశా, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా. పొలం మీదే, మీరు గిరిజనులే అన్నావు కాబట్టి 1/70 (ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) గొడవ నీకు లేదు, బయటి నుంచి పార్టనర్ ఎవరైనా వస్తానంటే మాత్రం ముందు లాయర్‌ని కలువు, అది నా సబ్జెక్ట్ కాదు.

"ఈ కొండ డేంజరా కాదా" అని మొదలుపెడితే ఎన్నాళ్ళైనా తేలదు. టూరిస్టులు తిరిగే చోట అసలు చూడాల్సింది జనం ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు ఆగుతున్నారు, పైనుంచి జారిందేదైనా ఆ ఆగిన చోటికి వచ్చి చేరగలదా అని. ఒక లెక్క చెప్తా చూడు. ఘాట్ రోడ్‌లో 500 మీటర్ల చెడ్డ ముక్క ఒకటి ఉందనుకో, కారు గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో పోతే దాని కింద ఉండేది 72 సెకన్లు. అదే చోట ట్రాఫిక్ జామ్‌లో రెండు గంటలు ఇరుక్కుంటే వంద రెట్లు. అదే వాలు కింద టెంట్ వేసుకుని సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఉంటే ఆరు వందల రెట్లు, పైగా నిద్రలో, పైగా చుట్టూ గుడ్డ తప్ప ఏమీ లేకుండా. కొండ అదే, వాన అదే, మారింది మనిషి ఉన్న టైమ్ ఒక్కటే. రోడ్డు మీద రాయి పడితే పేపర్లో ఫోటో వస్తుంది కానీ ఎక్కువ ప్రాణాలు పోయేది పడుకునే చోట్లే. మున్నార్ దగ్గర పెట్టిముడిలో 2020 ఆగస్టు 6 రాత్రి తేయాకు కార్మికుల లైన్ ఇళ్ళ మీద కొండచరియ పడింది, డెబ్బై మంది పోయారు. వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మలకి వచ్చింది 2024 జులై 30 అర్ధరాత్రి దాటాక, 250 మందికి పైగా పోయారు. రెండు చోట్లా జనం ఇళ్ళల్లో నిద్రలో ఉన్నారు.

ఇప్పుడు నీ మ్యాప్ సంగతి. జీఎస్ఐ వాళ్ళది మంచి పనే, దేశంలో దాదాపు 4.3 లక్షల చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతాన్ని కవర్ చేశారు. కానీ దాని స్కేల్ 1:50,000, అంటే మ్యాప్ మీద ఒక మిల్లీమీటర్ నేల మీద 50 మీటర్లు. నీ ఎకరం చదరంగా ఉందనుకుంటే పక్కకి 64 మీటర్లు, మ్యాప్‌లో మిల్లీమీటరున్నర కూడా రాదు, నువ్వు ఫోన్‌లో ఎంత జూమ్ చేసినా అందులో లేని వివరం కొత్తగా రాదు. ఇంకో సంగతి, ఆ రంగు ఎక్కువగా చెప్పేది అక్కడ వాలు జారడం మొదలవుతుందా అని, పైన ఎక్కడో మొదలైంది కిందకి ఎంత దూరం వస్తుంది అనేది అది చెప్పదు. వయనాడ్ కేస్‌లో మన హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్ళు శాటిలైట్ ఫోటోలతో చూపించారు కదా, సుమారు 1550 మీటర్ల ఎత్తులో 86,000 చదరపు మీటర్ల ముక్క జారింది, ఆ బురదా బండలూ ఏరు వెంట దాదాపు 8 కిలోమీటర్లు వెళ్ళాయి. చూరల్‌మల బజార్ వీధిలో నిలబడి చూస్తే చుట్టూ చదునే, ఆ వీధికి వాలు మార్కులు వేస్తే పాస్ అయిపోతుంది.

మార్కులంటే ఉత్త మాట కాదు, మన బీఐఎస్ (దేశంలో ప్రమాణాలు రాసే సంస్థ) వాళ్ళ కోడ్ ఐఎస్ 14496 రెండో భాగం 1998లో వచ్చింది, అందులో వాలుకి పదికి మార్కులు వేసే పద్ధతి ఉంది. రాయి రకానికి 2, పగుళ్ళూ పొరలూ ఎటు వాలి ఉన్నాయనే దానికి 2, వాలు కోణానికి 2, ఎత్తు తేడాకి 1, నేల మీద ఏముందనే దానికి 2, నీళ్ళకి 1. మొత్తం 6 దాటితే ఎక్కువ ప్రమాదం, 7.5 దాటితే చాలా ఎక్కువ. ఎత్తు తేడా 300 మీటర్లు దాటితే నిండా ఒక మార్కు, వాలు 45 డిగ్రీలు దాటితే నిండా రెండు. నువ్వే వేసుకోవచ్చు, ఫోన్‌లో వాలు కొలిచే యాప్ చాలు. కాకపోతే ఈ లెక్కలో అందరూ దెబ్బతినేది నీళ్ళ మార్కు దగ్గర. వాలు మీద నీళ్ళు పారుతుంటే 1, చుక్కలు కారుతుంటే 0.8, పొడిగా ఉంటే సున్నా. సర్వేకి వెళ్ళేదేమో జనవరిలో, మంచులో ఫోటోలు బాగా వస్తాయి, రోడ్డు బాగుంటుంది, సున్నా వేసి వచ్చేస్తారు. అదే వాలు సెప్టెంబర్లో చూస్తే ఊట తన్నుకుని వస్తుంటుంది. కాబట్టి ఎవరైనా కన్సల్టెంట్ రిపోర్ట్ ఇస్తే ముందు ఫస్ట్ పేజీలో సైట్ ఏ నెలలో చూశారో చూడు, జనవరి అనో ఎండాకాలం అనో ఉంటే ఆ నీళ్ళ పేజీకి విలువ లేదు.

ఇక నీ పొలం చూడకు, పైకి ఎక్కు. నిజంగానే చెప్తున్నా, ఎకరంలో ఏముందో నీకు తెలుసు, దాని నెత్తి మీద గట్టు దాకా నడిచి చూడాలి. మన ఏజెన్సీ కొండలు ఎక్కువగా ఖొండలైట్ అనే రాయి, మధ్యమధ్యలో చార్నొకైట్ అనే ఇంకో రాయి. ఖొండలైట్ వానకీ ఎండకీ పుచ్చిపోయి ఎర్రమట్టిగా మారిపోతుంది, పైనుంచి చూస్తే కొండలా ఉంటుంది కానీ జేసీబీతో కోస్తే మీటర్ల కొద్దీ మెత్తటి మట్టే, దానిలో పాత రాయి చారలు మాత్రం అలాగే కనిపిస్తాయి. ఆ చారలు రోడ్డు వైపుకో, నీ టెంట్ల వైపుకో వాలి ఉంటే ఆ మట్టి జారడానికి దారి ముందే గీసి ఉన్నట్టు, కొండ లోపలికి వాలి ఉంటే కొంత నయం. గాలికొండ వైపు లాగా పైన బాక్సైట్ టోపీ ఉన్న కొండలైతే ఆ టోపీ వాన నీళ్ళు తాగి నెమ్మదిగా కింద అంచు నుంచి ఊటల్లా వదులుతుంది, ఆ ఊటలే మీ ఊళ్ళకి తాగునీళ్ళు, ఆ ఊటల గీతే కొండ బలహీనమైన చోటు కూడా. నీ పొలం పైన ఆ గీత ఎక్కడుందో మీ ఊరి ఆడవాళ్ళని అడిగితే పది నిమిషాల్లో చెప్తారు, బిందెలు మోసేది వాళ్ళే కాబట్టి.

ఇంకో చిక్కు. ఎర్రమట్టిలో గుండ్రటి పెద్ద బండలు కనపడగానే "సార్ ఇది పాత కొండచరియ కదా" అని కంగారు పడుతుంటారు. అన్నీ కావు. చార్నొకైట్ ఉన్నచోటే ఉండి ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ లోపల గుండు మిగులుతుంది, అది ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. తేడా ఎలా తెలుస్తుందంటే బండ చుట్టూ ఉన్న మట్టిని గునపంతో కొంచెం గీకి చూడు, బండకి అంటుకుని పెచ్చులు పొరలు పొరలుగా ఉంటే అక్కడే పుట్టింది. అలా కాకుండా చుట్టూ అడ్డదిడ్డంగా కోసుగా ఉన్న రాళ్ళు, మట్టి, పాత కట్టె ముక్కలు అన్నీ కలగాపులగంగా ఉంటే అది పైనుంచి వచ్చిన సరుకు. అక్కడే పుట్టిన బండ కూడా కింద మట్టి కోసుకుపోతే దొర్లుతుంది, అది వేరే విషయం, టెంట్ నుంచి తలెత్తి చూస్తే కనపడే ప్రతి బండకీ అడుగు ఎంత తేలిపోయిందో చూసుకోవాలి. బండ మీద నాచు మరకలు పాతగా అంతటా ఉంటే చాలా కాలంగా కదల్లేదని, ఒక పక్క ఫ్రెష్‌గా రంగు తేలి ఉంటే ఈమధ్యే పగిలిందో తిరిగిందో అని అర్థం.

రాళ్ళు దొర్లే వాలుకి మాత్రం ఒక పాత మోటు లెక్క ఉంది. రాళ్ళు రాలి కుప్ప పడ్డ చోటు ఉంటుంది కదా కొండ పాదంలో, ఆ కుప్ప పైకొసని టెంట్ దగ్గర నిలబడి ఫోన్‌తో కోణం కొలువు. 27, 28 డిగ్రీలు దాటితే నువ్వు రాయి వచ్చే దూరంలోనే ఉన్నావు, తక్కువైతే చాలా మటుకు బయట ఉన్నట్టు. బండరాళ్ళకి ఇది పనికొస్తుంది, గెడ్డలో వచ్చే బురదకి పనికిరాదు, అది ఏటవాలు దాదాపు లేని చోట కూడా సాగిపోతుంది.

నాకు నీ ప్రశ్నలో భయం వేసింది గెడ్డ దగ్గరే. "గెడ్డ పక్కన కొంచెం చదునుగా ఉంది, టెంట్లకి బాగుంటుంది" అని రాశావు. కొండ నుంచి గెడ్డ బయటపడే మూతి దగ్గర విసనకర్రలా పరుచుకుని చదును ఎందుకు వచ్చిందో ఆలోచించు, ఎవరూ చదును చేయలేదు, ఆ గెడ్డే ఇంతకు ముందు తెచ్చి పోసింది, మళ్ళీ తెచ్చి పోయగలదు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలో ధరాలీ వీడియో చూసే ఉంటావు, ఖీర్ గాడ్ అనే చిన్న ఏరు, దాని మూతి దగ్గర అలాంటి చదును మీదే హోటళ్ళూ హోమ్‌స్టేలూ, కొన్ని సెకన్లలో బురద కింద. అక్కడ హోటల్ కట్టినవాళ్ళేమీ తెలివితక్కువ వాళ్ళు కాదు, కొండల్లో చదును దొరకడమే కష్టం, రోడ్డు కూడా అక్కడికే వస్తుంది, వ్యూ కూడా అక్కడే బాగుంటుంది. అందుకే టూరిజం డబ్బు పోయి సరిగ్గా ఆ చోటే పడుతుంది.

మీ గెడ్డ ఎలాంటిదో తెలియాలంటే ఒడ్డు కోసుకుపోయిన చోట నిలబడి ఆ కోతని చదువు. మామూలు వరద తెచ్చింది అయితే ఇసుక ఒక పొర, గులకరాళ్ళు ఒక పొర, సైజుల వారీగా సర్ది ఉంటుంది. బురద ప్రవాహం తెచ్చింది అయితే పొరలుండవు, బీరువా అంత బండ కూడా బురదలో తేలినట్టు మధ్యలో ఉంటుంది, గెడ్డ రెండు ఒడ్డుల్లోనూ బండలు గట్టులా వరసగా ఉంటాయి. అది కనపడితే ఇక ఆ చదును మీద ఒక్క మనిషిని కూడా పడుకోబెట్టొద్దు. పగలు కూర్చోడానికి నాలుగు బెంచీలు, ఫోటో స్పాట్ పెట్టుకో, రాత్రి మాత్రం గెడ్డ నీటి మట్టానికి బాగా ఎత్తులో ఉన్న ముక్కు మీద పడుకోవాలి, ముక్కు అంటే రెండు గెడ్డల మధ్య పొడుచుకొచ్చిన గట్టు. మోటారు పెట్టి నీళ్ళు పైకి లాగాల్సి వస్తుంది, గెస్టులు నడవాల్సి వస్తుంది, అయినా అదే చోటు.

మన దగ్గర వయనాడ్ అంత వాన ఎక్కడ పడుతుంది అంటావేమో. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, దాని వానకి పక్కనే ఒడిశా గజపతి జిల్లాలో బారఘరా అనే గిరిజన ఊళ్ళో జనం వానకి భయపడి ఒక గుహలోకి వెళ్ళి తలదాచుకుంటే వాళ్ళ మీదే కొండ జారింది, పది మందికి పైగా పోయారు. అవీ ఇవే కనుమలు. 2024 సెప్టెంబర్ వానలకి మీ జిల్లాలోనే జీకే వీధి వైపు కొండచరియలు పడి ఏం జరిగిందో నీకు నాకన్నా బాగా తెలుసు. తుఫాన్ల నెలలు అక్టోబర్, నవంబర్, అరకు సీజన్ ఊపందుకునేది కూడా అప్పుడే, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. కేరళలో వానాకాలం టూరిస్టులు తక్కువ, మనకి ఆ సుఖం లేదు, నేల నాలుగు నెలలు తడిసి ఉన్నాక చివరి తుఫానూ మొదటి టూరిస్టులూ కలిసి వస్తారు.

కింద కామెంట్లలో తిరుమల కొండతో పోల్చి అడిగినవాళ్ళు ఉన్నారు. అది వేరే రకం. అక్కడ క్వార్ట్‌జైట్, గట్టి రాయి, కానీ నిలువు పగుళ్ళు, ఆ పగుళ్ళలో నీళ్ళు దిగి దిమ్మలు దిమ్మలుగా ఊడి పడతాయి, 2021 డిసెంబర్ 1న రెండో ఘాట్ రోడ్ మీద పడ్డవి అలాంటివే. అలాంటి చోట వలలు, రాక్ బోల్టులు (రాతిలోకి దించి బిగించే ఇనప కడ్డీలు) పనిచేస్తాయి. మెత్తటి ఎర్రమట్టి కొండకి వల కట్టి లాభం లేదు, నీళ్ళు బయటికి పంపడమే మందు.

అందుకే నువ్వు కట్టేదాని గురించి. సగం ప్రమాదం కొండది కాదు, మన జేసీబీది. కాటేజీకి చదును కావాలని వాలు పాదాన్ని నిలువుగా కోసేస్తారు, తవ్విన మట్టిని కింద అంచున పోసి దాని మీద పార్కింగ్ అంటారు, కోసింది పైనుంచి జారుతుంది, పోసింది కింద నుంచి జారుతుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా తీరంలో శిరూర్ దగ్గర 2024 జులై 16న హైవే కోసం కోసిన కొండే కదా కూలింది, కింద రోడ్డు పక్క టీ బడ్డీ, ఆగిన లారీలు. నీ కాటేజీలు స్తంభాల మీద లేపు, నేల కోయకు. గోడ కట్టక తప్పకపోతే వెనకాల రాళ్ళు నింపి గోడకి కన్నాలు వదులు, వానలో ఆ కన్నాల నుంచి తేట నీళ్ళు కారుతుంటే గోడ పనిచేస్తోంది, ఎర్రగా మట్టినీళ్ళు వస్తే వెనకాల మట్టి ఖాళీ అవుతోంది, అసలేం రాకపోతే ఇంకా చెడ్డది, నీళ్ళన్నీ గోడ వెనకే నిలబడ్డాయి. సోక్ పిట్ (వాడిన నీళ్ళు ఇంకే గుంత) అయితే ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ముప్పై మంది గెస్టులు తలా వంద లీటర్లు వాడితే రోజుకి 3,000 లీటర్లు, మూడు నెలల సీజన్‌కి 2.7 లక్షల లీటర్లు, కొండ ఆరాల్సిన చలికాలంలో సరిగ్గా ఒకే చోట దింపుతున్నావు. జోషీమఠ్ పాత కొండచరియ శిథిలాల మీద ఉందని, బరువు కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది, డ్రైనేజీ సరిగా లేకుండానే హోటళ్ళు పెరిగాయి, 2023 జనవరికి ఇళ్ళు చీలాయి. వాడిన నీళ్ళు పైపులో వాలు దాటించి రాతి మీదకి వదులు.

పగుళ్ళ సంగతి. పైన కాఫీ తోటలో వాలుకి అడ్డంగా చంద్రవంకలా నేల బీట ఉందేమో వెతుకు, ఆకులు కప్పేస్తాయి, కాలితో తోస్తూ నడవాలి. కనపడితే రెండు పక్కలా ఇనప మేకు కొట్టి మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ వేసి రాసిపెట్టు, ప్రతి పెద్ద వాన తర్వాత మళ్ళీ కొలువు. ఎండకి వచ్చిన బీట అయితే వానకి మూసుకుంటుంది, కొండ కదిలి వచ్చిన బీట వానకి ఇంకా తెరుచుకుంటుంది. దాన్ని మట్టి, టార్పాలిన్‌తో కప్పి నీళ్ళు దిగకుండా చేసి మండల ఆఫీసులో చెప్పు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా పెరిగే జాతి, ఒక వరస అంతా ఒకే వైపు వంగి ఉంటే గాలి వల్లా నేల జారడం వల్లా అని చూడాలి, మొదలు దగ్గరే వంపు ఉండి పైకి నిటారుగా లేస్తే అది నెమ్మదిగా జారుతున్న నేల.

వాన కొలిచే గొట్టం ఒకటి కొను, లేదంటే నిలువు గోడల డబ్బాకి స్కేల్ అంటించినా చాలు, జిల్లాకి ఇచ్చే అలర్ట్ మీ గెడ్డ మీద ఎంత పడిందో చెప్పదు. వయనాడ్‌లో ఆ 48 గంటల్లో 570 మిల్లీమీటర్లు దాటింది, కల్పెట్టలోని హ్యూమ్ సెంటర్ వాళ్ళు ఊరూరా పెట్టుకున్న ఇలాంటి గొట్టాల లెక్క చూసే ముందు రోజు హెచ్చరించారని పేపర్లలో వచ్చింది. ప్రపంచమంతా జరిగిన జారుళ్ళ నుంచి 1980లో కెయిన్ అనే ఆయన ఒక కనీస గీత గీశాడు, దాని ప్రకారం 24 గంటల్లో సుమారు 100 మిల్లీమీటర్లు దాటితే చిన్నచిన్న జారుళ్ళు, బురద ప్రవాహాలు మొదలయ్యే ఛాన్స్ ఉంది. అది కింది గీత, ప్రతిసారీ జారుతుందని కాదు, మన నేలకి అచ్చంగా సరిపోతుందనీ కాదు, కానీ సొంత లెక్క తయారయ్యే దాకా నువ్వు 100 పెట్టుకో, ముందు మూడు రోజులూ వాన ఉంటే 60కే టెంట్లు ఖాళీ చేయించు. ఈ 60 నా అనుభవం మీద చెప్తున్నది, పుస్తకంలో ఉండదు. వానలో గెడ్డ ఉన్నట్టుండి తగ్గిపోయినా, ఎర్రగా మారినా కొలవడాలు వద్దు, పైన ఎక్కడో అడ్డు పడింది, వెంటనే పక్క గట్టు ఎక్కించు, గెడ్డ వెంట కిందకి పరిగెత్తించొద్దు.

ఇక్కడ అసలు అడ్డం పడేది డబ్బు. వీకెండ్ ఫుల్ బుకింగ్, అడ్వాన్సులు తీసేసుకున్నావు, రాత్రి తొమ్మిదికి గొట్టంలో 90 చూపిస్తోంది, ఇంకో గంట చూద్దాం అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని బుకింగ్ పేజీలోనే రాసెయ్, ఇంత వాన దాటితే టెంట్లు మూసేస్తాం, డబ్బు మొత్తం వెనక్కి లేదా ఇంకో డేట్ అని. కింద ఊళ్ళో స్కూలో కమ్యూనిటీ హాలో ముందే మాట్లాడుకో, ఆ హాలు కూడా గెడ్డ మూతిలో లేకుండా చూస్కో.

బద్రీనాథ్‌కి వస్తే నీ చేతిలో ఉన్నవి మూడే, ఏ నెల, ఏ టైమ్, ఎక్కడ పడుకుంటారు. మే నుంచి జూన్ సగం లోపు, లేదా సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్, జులై ఆగస్టు అసలు వద్దు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2023 అట్లాస్‌లో కొండచరియల ముప్పు లెక్కన 147 జిల్లాలకి ర్యాంకులిస్తే మొదటిది రుద్రప్రయాగ్, రెండోది తెహ్రీ గఢ్వాల్, రెండూ ఆ యాత్ర దారుల్లోవే. పొద్దున్నే బయల్దేరి చీకటి పడే లోపు ఆగిపోండి. స్లైడ్ జోన్ బోర్డు ఉన్న చోట డ్రైవర్ టీకి ఆపుతానంటే ఒప్పుకోకు, జామ్ అయితే వాలు కింద కాకుండా ముందో వెనకో వంపు దగ్గర బండి పెట్టించు. వాన లేకపోయినా రాళ్ళు పడతాయి, 2021 జులై 25న హిమాచల్ ప్రదేశ్ కిన్నౌర్ బట్సేరీలో టూరిస్టుల టెంపో ట్రావెలర్ మీద పడి తొమ్మిది మంది పోయిన వీడియోలో దుమ్మే కనపడుతుంది, బురద కాదు. హోటల్ బుక్ చేసేముందు శాటిలైట్ మ్యాప్‌లో వెనకాల చూడు, హోటల్ నెత్తి మీదకి ఏదైనా లోయ గీత నేరుగా దిగుతుంటే ఇంకో హోటల్ చూసుకో, రివర్ వ్యూ అని రాసుకున్నా సరే. నడక దారుల్లో క్యూ షెడ్లూ భోజనశాలలూ కూడా ఆగే చోట్లే, వైష్ణోదేవి దారిలో 2025 ఆగస్టు 26న అర్ధకువారీ దగ్గర పడింది అలాంటి చోటే, ముప్పై మందికి పైగా పోయారు. వాన గట్టిగా ఉన్న రోజు అమ్మానాన్నలు దర్శనం అని పట్టుబట్టినా కింద ఊళ్ళోనే ఇంకో రాత్రి ఉంచెయ్, టికెట్లు మార్చుకునే వీలుండేలా రెండు రోజులు అదనంగా వేసుకో.

ఈ సీజన్‌లో గట్టి వాన ఒకటి పడ్డాక గెడ్డ ఒడ్డు కోత, పైన ఊటల గీత, పొలం నుంచి కొండ వైపు తీసిన ఫోటోలు ఇక్కడే పెట్టు, ప్రతి ఫోటోలో సైజు తెలిసేలా ఒక మనిషిని నిలబెట్టు, ఎటు వైపు తిరిగి తీశావో, ముందు రోజు ఎంత వాన పడిందో రాయి. ఆ ముక్కు మీద ఎన్ని టెంట్లు పడతాయో అప్పుడు చూద్దాం, పన్నెండు అయితే పట్టవు అనిపిస్తోంది నాకు.